రెండు మూపురాల సముద్రం

మా మార్కాపురంలో వేసవి వస్తే తాగునీళ్ళు ట్యాంకరులో వస్తాయి. ఏ రోజు వస్తుందో ముందుగా తెలియదు. వీధి మొగలో డ్రైవరు కొట్టే హారనే మాకు కబురు. అలాంటి ఊళ్ళో, పలకల షెడ్డు మీద వేసిన రేకుల గదిలో కూర్చుని, రేపు బంగాళాఖాతంలో ఎంత అల లేస్తుందో నేను లెక్క కడతాను. ఇది నా ఉద్యోగం. చెబితే ఎవరూ నమ్మరు. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో అడిగిన వాళ్ళందరికీ ఓపిగ్గా చెప్పి చెప్పి విసుగొచ్చి, ఈమధ్య "కంప్యూటరు పని" అని ఊరుకుంటున్నాను. మా అమ్మ మాత్రం ఊరుకోదు. బిందెలు వరసగా పెట్టి మెట్ల కింద నుంచి కేకేస్తుంది.

"సముద్రంలో నీళ్ళు యాడికీ పోవులే పాపా. ట్యాంకరు ఎప్పుడొస్తదో అది చెప్పు ముందు!"

ట్యాంకరు లెక్క నాకు ఇప్పటికీ రాదు. సముద్రం లెక్క వచ్చు. అది ఎలా వచ్చిందో, రాకముందు ఎంత పెద్ద తప్పు చేశానో చెప్పాలనే ఇది రాస్తున్నాను. గొప్పలు చెప్పుకుంటున్నానని మీకు అనిపిస్తే అనిపించనివ్వండి. నాకు గొప్పగానే ఉంది మరి.

మాది పలకల ఇల్లు. నాయన ఊహ తెలిసినప్పటి నుంచి పలకరాయి చీలుస్తున్నాడు. గని నుంచి వచ్చిన దిమ్మలను తడి గోనెసంచుల కింద పెట్టి, ఒక్కొక్కటే బయటికి తీసి, అంచు మీద ఉలి ఆనించి సుత్తితో చిన్నగా తడుతూ పోతాడు. కాసేపటికి రాయి పుస్తకంలా తెరుచుకుంటుంది. ఒకప్పుడు ఆ పలకలకు చెక్క చట్రాలు బిగించి ఎక్కడెక్కడి బడిపిల్లలకో పంపేవాళ్ళు. ఇప్పుడు పిల్లలకు పలకలు అక్కర్లేదు, గోడలకు అతికించే రాళ్ళు కావాలి. నాయన అవే చీలుస్తున్నాడు. రాయి ఆరిపోతే పొర సరిగ్గా విడవదు. అందుకని మా ఇంట్లో మనుషులకు లేకపోయినా రాయికి నీళ్ళు ఉండాలి. నాయన మీద అమ్మకున్న ఫిర్యాదుల్లో ఇది మొదటిది.

నేను లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, అలల సమాచారం చెప్పే ఒక ఆఫీసులో చేరాను. చేరేనాటికి సముద్రాన్ని రెండేసార్లు చూశాను. రెండుసార్లూ కాలేజీ వాళ్ళు తీసుకెళ్తేనే, రెండుసార్లూ చెప్పులు పోగొట్టుకునే వచ్చాను. అయినా లెక్కలకు తడి ఎందుకు? చేరిన కొన్నాళ్ళకు, ఇంటి నుంచే పని చేసుకోవచ్చని ఆఫీసువాళ్ళు అన్నారు. పెట్టె సర్దుకుని మార్కాపురం వచ్చేశాను. కింద రాళ్ళు కోసే మిషను మోత, పైన నా లాప్‌టాప్. మీటింగుల్లో నేను నోరు తెరిస్తే, ఆ వెనక మోత ఏమిటని అందరూ అడిగేవాళ్ళు. మా ఊరి సముద్రం అనేదాన్ని.

నా పని ఏమిటో ఒక్క ముక్కలో చెబుతాను. తీరానికి దూరంగా ఒక బోయా తేలుతూ ఉంటుంది. నీళ్ళు లేస్తే అది లేస్తుంది, దిగితే దిగుతుంది. ఆ ఊగులాటంతా అంకెలుగా మాకు చేరుతుంది. చూడ్డానికి అదొక పిచ్చిగీత. దాన్ని విడదీసి, ఎన్ని సెకన్లకొకసారి వచ్చే అలలో ఎంత బలముందో ఒక బొమ్మ గీస్తాం. ఆ బొమ్మను స్పెక్ట్రమ్ అంటారు. అక్కడికక్కడ గాలి లేపే అలలు పొట్టివి, అయిదారు సెకన్లకొకటి వస్తాయి. బొమ్మలో అదొక మూపురం. ఎక్కడో వేల మైళ్ళ అవతల తుఫానులో పుట్టి, ఆ తుఫాను చచ్చిపోయాక కూడా నడుచుకుంటూ వచ్చే అలలు పొడుగాటివి, పన్నెండు, పదిహేను సెకన్లకొకటి. అదింకో మూపురం. పుస్తకాల్లో రెండోదాన్ని స్వెల్ అంటారు. నేను దూరపు అల అంటాను. మొదటిది గాలి అల.

ఇదంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. అయినా తెలియడం వేరు, నమ్మడం వేరు.

నేను నమ్మింది కంభం చెరువును. మా మేనత్తది కంభం దగ్గర. చిన్నప్పుడు సెలవులకు వెళితే, ఆ చెరువు కట్ట మీద కూర్చునేవాళ్ళం. అవతలి ఒడ్డు కంటికి ఆనదు, అంత పెద్దది. గాలి వీస్తే అలలు గట్టును కొడతాయి. గాలి ఆగితే, చేతిలోని జామకాయ తినడం పూర్తయ్యేలోగా నీళ్ళు అద్దమైపోతాయి. గాలి లేనిచోట అల ఉండదు. మెట్టప్రాంతంలో పుట్టిన పిల్లకు నీళ్ళ గురించి తెలిసింది ఇదొక్కటే, ఇది ఒంటికి పట్టేసింది.

బోయా పరికరాలకు ఒక జబ్బుంది. గాలీ అలా లేని రోజు కూడా, పొడుగాటి అలలు ఉండే వైపున కొంచెం ఉత్తుత్తి బలం చూపిస్తాయి. అది పరికరం చేసే రొద, తీసేయాలి. ఆ తీసేసే పని నాకు అప్పగించారు. ప్రోగ్రాములో నేనొక లైను రాశాను. గాలి ఫలానా వేగం కన్నా తక్కువుంటే, పొడుగు వైపున కనబడే చిన్న మూపురాన్ని సున్నా చేసెయ్. అంతే. ఆ లైను రాసిన రోజు నాకెంత తృప్తిగా ఉందంటే, కిందికెళ్ళి అమ్మ చేత రెండోసారి టీ పెట్టించుకున్నాను. బొమ్మలన్నీ శుభ్రంగా వచ్చాయి.

ఏప్రిల్ మొదట్లో ఒక పొద్దున ఫోను మోగింది. మేము పంపే సముద్రం కబురు మెసేజీ కింద, అనుమానాలుంటే అడగమని ఒక నంబరు ఉంటుంది. ఆ వారం ఆ నంబరుకు జవాబు చెప్పే వంతు నాది. మాట్లాడింది మా జిల్లాలోనే, ఒంగోలుకు తూర్పున సముద్రపొడ్డు పల్లెలో పడవ నడిపే ఒక పెద్దాయన. గొంతులో కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది.

"మీ మెసేజీ చూసే వెళ్ళామమ్మా. నిమ్మళంగా ఉంటదని రాశారు. ఏరు కలిసేచోట ఇసుకమేట మీద కెరటం లేచి పడవను తిరగేసింది. ఇంజను పోయింది, వలలు పోయాయి. నాకు భుజం ఎముక విరిగింది. నలుగురం ఈదుకుంటూ వచ్చాం కాబట్టి ఫోను చేస్తున్నాను."

నాది నోటి దురుసు. తప్పు నాదేమోననే అనుమానం వస్తే ఇంకా దురుసు. ఆఫీసు భాషంతా ఎగిరిపోయి, మా ఊరి భాష వచ్చేసింది.

"నిన్న గాలే లేదు గదా చిన్నాయనా! గాలి లేంది అల యాడి నుంచి వస్తది?"

 ఆయన మెల్లగా అన్నాడు.

"గాలి ఇక్కడ లేకపోతే ఎక్కడా లేనట్టేనా అమ్మా?"

 ఫోను పెట్టేసి ముందురోజు అంకెలు తీశాను. నా లైను తీసేసి బొమ్మ మళ్ళీ గీశాను. పదిహేను సెకన్ల దగ్గర చక్కటి మూపురం లేచి కూర్చుంది. ఎత్తు అర మీటరు పైచిలుకు. లోతు నీళ్ళలో అంతే, పడవలో ఉన్నవాడికి తెలియను కూడా తెలియదు. కానీ అంత పొడుగాటి అల ఇసుకమేట మీదికి వచ్చేసరికి ఛాతీ ఎత్తున లేచి విరుగుతుంది. సముద్రం చెబుతూనే ఉంది, నేనే దాని నోరు నొక్కాను. పదిహేను రోజులు వెనక్కి వెళ్ళి చూస్తే, నా లైను అలాంటి మూపురాలను ఇంకో మూడింటిని మింగేసింది. ఆ పూట అన్నం తినలేదు. సిగ్గుతో కడుపు నిండిపోయింది.

మధ్యాహ్నం మీటింగులో మా పెద్దమేడం అడిగింది, ఆ మెసేజీ ఎందుకు తప్పిందని. నేను రాసిన లైను వల్లేనని చెప్పాను. పరికరం మీద తోసేయొచ్చు, ఎవరూ పట్టుకోలేరు. తోసెయ్యలేదు. నా ఉద్యోగంలో నేను గర్వపడే పనుల్లో ఇదొకటి, ఇక్కడే రాసిపెడుతున్నాను.

మేడం తిట్టలేదు. "ఏప్రిల్ మధ్య నుంచి వేట నిషేధం. జూన్ మధ్యలో ఎత్తేస్తారు. ఆ రోజు తీరమంతా ఒక్కసారిగా సముద్రంలోకి దిగుతుంది. ఆలోగా రెండు అలలనూ విడదీసి చెప్పగలవా?" అంది. చెప్పగలనన్నాను. రెండు నెలలు. ఆ రెండు నెలల్లో నేను లెక్క సరిచేయకపోతే, మొదటిరోజు దిగే పడవల్లో ఏది తిరగబడినా అది నా చేత్తో తిప్పినట్టే. ఆ పెద్దాయన గొంతు చెవిలో అలాగే ఉంది.

మొదట తేలిక దారి పట్టాను. పది సెకన్ల దగ్గర గీత గీశాను. అటుపక్కది దూరపు అల, ఇటుపక్కది గాలి అల. కొన్ని రోజులు బాగానే నడిచింది. తర్వాత తేడా కొట్టింది. దూరపు అల ఒక్కోసారి తొమ్మిది సెకన్లకు దిగి వచ్చేది. అప్పుడు నా గీత మూపురాన్ని నడిమికి కోసేది, సగం అటు, సగం ఇటు. గాలి లేని రోజున గాలి అల పుట్టేది. గీతను తొమ్మిదికి జరిపాను, ఎనిమిదికి జరిపాను. ఒకరోజుకు సరిపోయింది ఇంకోరోజుకు సరిపోదు. మే నెల, పైన రేకులు, కరెంటు ఉండీ ఉండనట్టు. లాప్‌టాప్ తీసుకుని కింద షెడ్డులో తడి గోనెసంచుల పక్కన కూర్చున్నాను. రాళ్ళకున్న చల్లదనం నాకూ కాస్త దక్కుతుందని.

నాయన ఉలి పక్కన పెట్టి వచ్చి, నా వెనక నిలబడి బొమ్మ చూశాడు. ఆయనకు ఆ అంకెలు తెలియవు. చాలాసేపు చూసి, తడిచేతి వేలుతో తెర మీద పొడిచాడు.

"పల్లం ఈడ ఉంటే, గీత ఆడ పెట్టినావేంది?"

"నీకు తెలీదులే నాయనా. పది కాడ పెట్టాలని లెక్క."

"ఎవురు పెట్టినారు ఆ లెక్క?"

"అబ్బ, పని చేసుకోనీ నాయనా!"

ఆయన ఏమీ అనుకోలేదు. దిమ్మ దగ్గరికి వెళ్ళి కూర్చుంటూ, నాకు వినబడేటట్టే అన్నాడు.

"నువ్వు ఆరో తరగతిలో స్కేలు తెచ్చి నా దిమ్మ మీద సగానికి సగం కొలిచి గీత గీసినావు. ఆ గీత మీదనే కొట్టినావు. ఏమైంది?"

ఏమైందో నాకు బాగానే గుర్తుంది. మంచి దిమ్మ, ఆ వారంలో వచ్చినవాటిలో కల్లా మంచిది. నా గీత మీద ఉలి పెట్టి కొడితే అడ్డదిడ్డంగా పెళ్ళలు లేచి, ఎందుకూ పనికిరాకుండా పోయింది. నాయన ఆపగలిగి కూడా ఆపలేదు. పగిలాక ఒక్క మాటే అన్నాడు, ఇప్పుడు మళ్ళీ అదే అన్నాడు.

"కొలత నీది పాపా, పొర రాయిది. యాడ ఇడిపోవాల్నో అంచు జూస్తే అదే చెప్తది."

నేను ముఖం ముడుచుకుని కూర్చున్నాను. ఓ అరగంట పంతం నిలబెట్టుకున్నాను. తర్వాత ఆయనకు కనబడకుండా లాప్‌టాప్ అటు తిప్పి, ఆ పది తీసేసి, ప్రతి బొమ్మలోనూ రెండు మూపురాల మధ్య పల్లం ఎక్కడుందో వెతికి అక్కడ విడగొట్టమని రాశాను. నెల రోజుల బొమ్మలు మళ్ళీ వేయించాను. ఒకటి తర్వాత ఒకటి చక్కగా విడిపోతూ వచ్చాయి.

కొన్ని రోజులు పల్లమే కనబడదు, రెండు మూపురాలూ ఒకదాని మీదికొకటి ఒరిగిపోతాయి. దానికి గాలినే సాక్షిగా పెట్టాను. గాలి కన్నా వేగంగా పరుగెత్తే అలను ఆ గాలి పుట్టించి ఉండదు. తల్లిని మించి నడిచే బిడ్డ ఎవరిదో వేరే అడగాలి. అలా విడదీశాక ఒక్కోదానికి దాని ఆకారం దానికే అమర్చి, రెండింటినీ కలిపితే అసలు బొమ్మ మీద అతికినట్టు కూర్చుంది. ఇక పరికరం రొదకూ నిజమైన దూరపు అలకూ తేడా ఒకటి దొరికింది. దూరం నుంచి వచ్చేవాటిలో పొడుగాటివి వేగంగా నడుస్తాయి, ముందు అవే చేరతాయి. మొదట పదిహేడు సెకన్లు, మర్నాటికి పదిహేను, ఆ మర్నాటికి పదమూడు. రొదకు ఆ వరస ఉండదు. ఆ వరస మొదటిసారి తెర మీద మెట్లుమెట్లుగా దిగడం చూసినప్పుడు లేచి నిలబడ్డాను. నాయనను పిలిచి చూపించాను. ఆయన చూసి, "పల్లం కాడనే పెట్టినావే" అన్నాడు. అంతే అన్నాడు. ఆయన ముఖం మీద నవ్వు మాత్రం సాయంత్రం దాకా ఉంది.

ఆఫీసులో ఇంకో గొడవ. పడవవాళ్ళకు ఒక్క అంకె చాలు, రెండు చెబితే గందరగోళం అన్నారు. నేను ఒప్పుకోలేదు. మీటరు అల అని ఒక్క మాట చెబితే, అది గాలి అలైతే పడవ ఊగుతుంది, దూరపు అలైతే ఇసుకమేట మీద పడవ తిరగబడుతుంది. ఆ ఒక్క అంకె వల్లే ఒకాయన భుజం విరిగిందన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. మేడం రెండు అంకెలకూ సరేనంది.

జూన్ రెండో వారంలో దక్షిణాన, మన పటాల్లో అంతా నీళ్ళే ఉండే చోట, ఒక పెద్ద తుఫాను లేచింది. నా లెక్క ప్రకారం అందులోని పొడుగాటి అలలు సరిగ్గా వేట మొదలయ్యే రోజు పొద్దున మన ఒడ్డుకు చేరతాయి. గాలి ఆ రోజు దాదాపు ఉండదు. అంటే చూడ్డానికి సముద్రం ఆవుదూడంత సాధువు. మెసేజీ వెళ్ళింది. నాకు మనసు నిలవక పెద్దాయనకు ఫోను చేశాను.

"పడవలకు రంగులేశాం, గంగమ్మకు పూజ పెట్టుకున్నాం. రెండు నెలలు ఒడ్డున కూర్చున్నాం తల్లీ. ఇప్పుడు నీ ఫోను విని ఆగండ్రా అంటే ఎవరు ఆగుతారు?" అన్నాడు. తర్వాత, "చెప్పేదేదో వచ్చి చెప్పు" అన్నాడు.

బయల్దేరతానంటే నాయన నేనూ వస్తానన్నాడు. అంతకుముందే ఒక పలక చీల్చి పెట్టి ఉన్నాడు, మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, వేలు మందం, ఎక్కడా చిన్న గీత లేదు. అంత పెద్దది ఒక్క దెబ్బన విడవడం ఆయనకే అరుదు.

"ఇదెందుకు నాయనా?"

"మార్కాపురం పిల్ల చెప్పే మాట పలక మీద లేకపోతే ఎట్ల?"

గోనెసంచుల్లో చుట్టి బస్సెక్కించాం. పొదిలి దాటేదాకా కండక్టరు సణిగాడు. ఒంగోలులో దిగి ఆటో పట్టుకుని ఆ పల్లెకు చేరేసరికి పొద్దు వాలుతోంది. నాయన సముద్రాన్ని చూడడం అదే మొదటిసారి. చెప్పులు విడిచి తడి ఇసుక దాకా వెళ్ళి, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఏదో పెద్దమాట అంటాడనుకున్నాను.

"ఇన్ని నీళ్ళు పెట్టుకుని మనకో ట్యాంకరు పంపలేదే!" అన్నాడు.

పెద్దాయన వచ్చాడు. కుడిభుజం ఇంకా పూర్తిగా లేవడం లేదు. నన్ను పైనుంచి కిందికి చూసి, ఇంత చిన్నపిల్లవా అన్నాడు. పడవల దగ్గరున్నవాళ్ళు పదిహేనుమంది దాకా చుట్టూ చేరారు. సముద్రం పళ్ళెంలో పోసిన నూనెలా ఉంది. ఆ నిమ్మళాన్ని చూస్తే నా లెక్క నాకే అబద్ధంలా అనిపించింది.

చేపలు దించే పాక గోడకు పలకను ఆనించి, సుద్దముక్కతో రాశాను. గాలి అల దాదాపు లేదు. దూరపు అల దక్షిణం నుంచి, మీటరు లోపు, పదిహేడు సెకన్లు. రేపు పొద్దున ఇసుకమేట దాటొద్దు.

ఎవరో నవ్వారు. "మార్కాపురం నుంచి వచ్చి మనకు సముద్రం చెబుతున్నారురా!" అన్నారు. ఇంకొకరు, "కొండల్లో ఉండేవాళ్ళకు కెరటం ఎట్టుంటదో తెలుసా అమ్మా?" అన్నారు. నా నోరు ఊరుకుంటుందా.

"రేపు తెల్లారినాక లెక్కపెట్టండి. ఒక కెరటానికీ ఇంకోదానికీ మధ్య పదిహేడు రాకపోతే ఈ పలకను ఈడనే పగలగొట్టండి!"

అనేశాక నాయన వైపు చూశాను. అంత పలక ఆయన చేతిలోంచి మళ్ళీ ఎప్పుడు వస్తుందో తెలియదు. నాయన పలక మీద చెయ్యి వేసి, వాళ్ళతో అన్నాడు.

"పగలగొట్టండయ్యా. నేను ఇంకోటి చీల్చుకుంటా. తెల్లారే దాకా మాత్రం ఆగండి. మా పాప ఊరికే చెప్పదు."

పెద్దాయన నాయనను చూశాడు, పలకను చూశాడు. వెలుతురు వచ్చాకే పడవలు దిగుతాయని అందరికీ చెప్పాడు. మమ్మల్ని తన ఇంట్లోనే పడుకోమన్నాడు.

తెల్లవారేసరికి ఒడ్డంతా జనం. పడవలకు పసుపూ కుంకుమా, వేపమండలు. సముద్రం నిన్నటిలాగే ఉంది. వెలుతురు బాగా వచ్చింది. ఏమీ లేదు. ఒకరు వాచీ చూసుకున్నారు. రెండు పడవల్లో ఇంజన్లు మొదలుపెట్టారు.  లెక్క తప్పలేదని తెలుసు, కానీ ఏప్రిల్లో కూడా తప్పలేదనే అనుకున్నాను కదా. నాయన నా పక్కనే నిలబడ్డాడు.

అప్పుడు ఇసుకమేట మీద నీళ్ళు ఒక్కసారి లోపలికి పీల్చుకున్నట్టు తగ్గాయి. దాని వెనక ఒక గీత, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఏ తొందరా లేకుండా లేచింది. లేచి, నిలబడి, విరిగింది. ఆ చప్పుడు మా కాళ్ళ కిందికి వచ్చింది. మేట పొడుగునా తెల్లగా నురగ.

పెద్దాయన ఎడమచెయ్యి ఎత్తాడు. అందరూ ఆగారు. ఆయన పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నా పక్కన నాయన పెదవులు కూడా కదులుతున్నాయి, సుత్తి తట్టే లయలో. పది దాటింది. నీళ్ళు మళ్ళీ నున్నగా అయిపోయాయి. పదమూడు. పద్నాలుగు. ఎవరో దగ్గారు. పదహారు అనేసరికి రెండో గీత లేచింది, పదిహేడుకు విరిగింది.  పెద్దాయన మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. మళ్ళీ పదిహేడు.

రెండు పడవల్లో ఇంజన్లు ఆగిపోయాయి.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. ఆ ఒడ్డున నిలబడ్డ ఏ మనిషికీ ఏమీ కాలేదు, ఏ పడవకూ ఏమీ కాలేదు. ఎక్కడో పుట్టిన అలను మార్కాపురంలో రేకుల కింద కూర్చుని నేను గుర్తుపట్టాను. ఇంతకన్నా గర్వం నాకు జీవితంలో ఇంకేముంటుందో తెలియదు, అక్కర్లేదు కూడా.

పెద్దాయన పలక దగ్గరికి వెళ్ళి, వేళ్ళ మెటికలతో దాన్ని తట్టి చూశాడు. ఖంగుమంది.

"మీరు చీల్చిందేనా?" అని నాయనను అడిగాడు.

"రాయి నేను చీల్చినా. అలను మా పాప చీల్చింది" అన్నాడు నాయన.

వాళ్ళు రెండు రోజులు ఆగారు. మూడోరోజుకు సెకన్లు పదమూడుకు దిగాయి, కెరటం తగ్గింది, పడవలన్నీ వెళ్ళి చేపలతో తిరిగొచ్చాయి. తిరుగుబస్సులో నాయన ముందు సీటాయనకు, వెనక సీటామెకు, మళ్ళీ అదే కండక్టరుకు పదిహేడు సెకన్ల కథ చెప్పాడు. మార్కాపురం చేరేసరికి ఆ కెరటం తాటిచెట్టంత అయింది. నేను సరిదిద్దలేదు.

ఆ పలక ఇప్పటికీ ఆ పాక గోడకే ఉంది. ఆఫీసు మెసేజీ ఫోనులకు వెళుతూనే ఉంటుంది, అయినా పెద్దాయన ప్రతి సాయంత్రం నాకు ఫోను చేస్తాడు. మొదట్లో, వెళ్ళొచ్చా వెళ్ళకూడదా ఒక్కమాటలో చెప్పమనే మనిషి. ఇప్పుడు అలా అడగడు.

"పలక తుడిచి పెట్టాను. రెండూ చెప్పమ్మా" అంటాడు.

ఆ ఫోను వచ్చే వేళకు కింద షెడ్డులో మిషను ఆగుతుంది. కరెంటు పోయి కాదు, నాయన ఆపుతాడు. నేను ఏమీ ఎరగనట్టు కిటికీ దగ్గరికి జరిగి, గాలి అల ఎంతో, దూరపు అల ఎంతో, అవసరానికి మించి కాస్త గట్టిగానే చెబుతాను.